చదువు దారి: బొమ్మనూ చరిత్రనూ కలిపి చదవాలంటే ఏ కళాశాల?

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. హిందూపురం నుంచి ఒక తల్లి, హనుమకొండ నుంచి ఒక విద్యార్థి, అమెరికాలోని న్యూజెర్సీ నుంచి ఒక తండ్రి వీటిని రాశారు. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దదయింది. మిగిలిన ఇద్దరికీ పనికొచ్చే సంగతులు కొన్ని అందులోనే ఉన్నాయి కనుక వారు దాన్ని కూడా చదవాలని కోరుతున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం ఎం.పి.సి. చదువుతోంది. మార్కులు బాగానే వస్తున్నాయి. అయితే ఆదివారం వచ్చిందంటే లేపాక్షి బస్సు ఎక్కుతుంది. వీరభద్రాలయం మండపంలో కూర్చుని పైకప్పు బొమ్మల్లోని చీరల అంచులను నోటుపుస్తకంలోకి దించుకుంటుంది. ఆ రంగులు దేనితో చేశారని, ఆ గుడి కట్టించిన విరూపణ్ణ నిజంగానే కళ్లు పోగొట్టుకున్నాడా అని ఇంటికి వచ్చి మమ్మల్ని అడుగుతుంది. ఇంజనీరింగ్ వద్దని, బొమ్మలూ చరిత్రా కలిపి చదువుతానని పట్టుబడుతోంది. అలాంటి చదువు ఎక్కడైనా ఉందా? ఉంటే అది బతుకుతెరువు చూపిస్తుందా అని ఆమె తండ్రి దిగులు.
– ఒక తల్లి, హిందూపురం

జవాబు: అమ్మా, మీ అమ్మాయి లేపాక్షిలో చేస్తున్నది ఒక పని కాదు. చీర అంచును నోటుపుస్తకంలోకి దించడం చిత్రకారుల పని. రంగు దేనితో చేశారని అడగడం, ఆ రంగును రాలిపోకుండా నిలబెట్టే సంరక్షకుల పనికి తొలి మెట్టు. విరూపణ్ణ కథలో నిజమెంత అని అడగడం చరిత్రకారుల పని. ఈ మూడింటికీ కళాశాలలు వేరు, ప్రవేశ పరీక్షలు వేరు, తర్వాత వచ్చే ఉద్యోగాలూ వేరు. కాబట్టి కళాశాలల పేర్లు వెతకడానికి ముందు, ఈ పనుల్లో దేన్ని రోజుకు ఆరేడు గంటల చొప్పున నాలుగేళ్లు విసుగు లేకుండా చేయగలదో ఆమెను నిదానంగా అడిగి తెలుసుకోండి. జవాబు ఒక్క రోజులో రాకపోయినా ఫరవాలేదు.

మన ప్రాంతంలో గందరగోళమంతా పేర్లలోనే ఉంది. ఆర్ట్స్ కాలేజీ అంటే మనకు బి.ఏ. చెప్పే కళాశాల. అక్కడ చరిత్ర ఉంటుంది గాని బొమ్మ ఉండదు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీ అంటే బి.ఎఫ్.ఏ., అంటే లలితకళల డిగ్రీ, చెప్పే చోటు. అక్కడ నాలుగేళ్లూ చేతిపనే ప్రధానం, చరిత్ర వారంలో కొన్ని గంటలు వినే పాఠం మాత్రమే. ఈ రెండింటి నడుమ కళాచరిత్ర అనే మరో చదువు ఉంది. ఒక శిల్పాన్నో చిత్రాన్నో నిలబడి చూసి, అది ఏ కాలానిదో, ఎవరు చేయించారో, అంతకు ముందున్న వాటి నుంచి ఏం తీసుకుందో, ఏం మార్చుకుందో ఆధారాలతో చెప్పడం ఈ చదువు నేర్పుతుంది. మీ అమ్మాయి అడుగుతున్నది ఇదేనని నాకు అనిపిస్తోంది. ఎం.ఏ., ఎం.ఎఫ్.ఏ. స్థాయిలో దీన్ని చెప్పే విశ్వవిద్యాలయాలు కొన్ని ఉన్నాయి గాని, ఇంటర్ కాగానే మొదటి డిగ్రీగా చెప్పేవి దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే.

వాటిలో ముందుగా చెప్పవలసినది వడోదరలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయపు లలితకళల విభాగం. 1950లో మొదలైన ఈ సంస్థలో చిత్రలేఖనం, శిల్పం, ముద్రణకళలతో పాటు కళాచరిత్రకూ సౌందర్యశాస్త్రానికీ ప్రత్యేక శాఖ ఉంది. ఆ శాఖ మొదటి డిగ్రీ కూడా ఇస్తుంది. ఈ చోటుకు ఒక గుణం ఉంది. బొమ్మ వేసేవారూ బొమ్మను గురించి రాసేవారూ ఒకే ఆవరణలో, ఒకరి పనిని ఒకరు చూసుకుంటూ పెరుగుతారు. గులాం మొహమ్మద్ షేక్ అక్కడ కళాచరిత్ర కూడా చెప్పారు, బొమ్మలూ వేశారు. మన తెలుగువారికి ఆ ఊరు కొత్త కాదు. కె. లక్ష్మాగౌడ్ హైదరాబాదులో చదువు ముగించి చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకోవడానికి అక్కడికే వెళ్లారు. తోట వైకుంఠమూ అంతే. తెలంగాణ పల్లె మనుషుల్ని వారు వేసిన తీరు మనందరికీ తెలుసు. సొంత ఊరి బొమ్మ దూరపు ఊరి చదువుతో చెరిగిపోతుందేమో అన్న భయం ఉన్నవారు ఈ ఇద్దరి పనిని ఒకసారి చూడాలి. వడోదరలోనే సయాజీ బాగ్‌లో పెద్ద మ్యూజియం ఉంది. లక్ష్మీవిలాస్ ప్యాలెస్ ఆవరణలోని మ్యూజియంలో రాజా రవివర్మ చిత్రాలు ఉన్నాయి. తరగతి ముగిశాక నడిచి వెళ్లి అసలు చిత్రం ముందు నిలబడగలగడం ఈ చదువులో ఎంత పెద్ద విషయమో, ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు మసక ఫోటోలు చూపించి శిల్పకళ పాఠం చెప్పిన నాకు బాగా తెలుసు.

రెండవది శాంతినికేతన్‌లోని కళాభవన్. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో స్థాపించారు. నందలాల్ బోస్ దాన్ని తీర్చిదిద్దారు. ఇక్కడ మొదట అందరికీ పునాది పాఠం ఉంటుంది. గీత, రంగు, మట్టి, చెక్క అన్నీ చేతితో పట్టి చూశాక ఏదో ఒక శాఖను ఎంచుకోవాలి. ఆ శాఖల్లో కళాచరిత్ర కూడా ఒకటి. చేతిపని వదల్లేక, చరిత్రా వదల్లేక ఊగిసలాడే మీ అమ్మాయి లాంటివారికి ఈ ఏర్పాటు చాలా మంచిదని నా అభిప్రాయం. హిందీ భవన్ గోడల మీద బినోద్ బిహారీ ముఖర్జీ 1946–47లో మధ్యయుగపు సాధుసంతుల జీవితాలను చిత్రించారు. ఆరుబయట రామ్‌కింకర్ బైజ్ చేసిన సంతాల్ కుటుంబ శిల్పం నిలబడి ఉంది. లేపాక్షి పైకప్పు కింద కూర్చోవడానికి అలవాటు పడిన పిల్లకు అక్కడ పరాయితనం అనిపించదు. తిండి, భాష, దూరం మాత్రం కష్టమే. బెంగాలీ తెలియకపోతే మొదటి ఏడాది ఒంటరిగా అనిపిస్తుందని అక్కడ చదివిన మన పిల్లలు చెబుతుంటారు.

దూరం పంపలేమంటే బెంగళూరు మీకు రైలులో కొద్ది గంటల ప్రయాణమే. కర్ణాటక చిత్రకళా పరిషత్తు కళాశాలలో నాలుగేళ్ల దృశ్యకళల డిగ్రీ ఉంది, కళాచరిత్ర శాఖ కూడా ఉంది. పరిషత్తు సేకరణలో తోలుబొమ్మలు ఉన్నాయి. మీ జిల్లాలోని నిమ్మలకుంట తోలుబొమ్మలను చూసి పెరిగినవారికి వాటి ముందు నిలబడితే అడగవలసిన ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. 2009 నుంచి మాణిక్యవేలు భవనంలో జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల కూడా నడుస్తోంది. బెంగళూరులో చదివితే నెలకొకసారి లేపాక్షికి తిరిగి రాగలగడం కూడా ఆమె చదువులో భాగమే అవుతుంది. దాన్ని చిన్న లాభంగా తీసివేయవద్దు.

ఇక మన రాష్ట్రాలు. కడపలో 2020లో ఏర్పడిన వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం బి.ఎఫ్.ఏ. నడుపుతోంది. దీనికి రాష్ట్ర ప్రవేశ పరీక్ష అయిన ఏడీసెట్ రాయాలి. హైదరాబాదు మాసబ్ ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయానికి వేరే ప్రవేశ పరీక్ష ఉంది. అయితే రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాలకూ ఉన్న ఉమ్మడి ప్రవేశాల పదేళ్ల గడువు 2024 జూన్‌తో ముగిసింది కనుక, ఆంధ్రప్రదేశ్ విద్యార్థులకు అక్కడ ఎన్ని సీట్లు అందుబాటులో ఉన్నాయో ప్రకటన చూసిన తర్వాతే ఫీజు కట్టండి. ఈ సంగతి తెలియక కొన్ని కుటుంబాలు ఇబ్బంది పడ్డాయి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ లలితకళల శాఖ ఉంది. ఈ చోట్ల బొమ్మ వేయడం గట్టిగా నేర్పుతారు, ఖర్చూ తక్కువ. చరిత్ర వైపు లోతుగా వెళ్లాలంటే మాత్రం సొంతంగా చదువుకోవడమో, రెండో డిగ్రీకి ఆగడమో తప్పదు. అప్లైడ్ ఆర్ట్ శాఖకు ఉద్యోగాలు ఎక్కువని చెప్పి పిల్లల్ని అటు తోసేవారు ఉంటారు. ప్రకటనల రంగం మీద ఇష్టం ఉంటే అది మంచి చదువే. ఇష్టం లేకుండా చేరితే, ఇంజనీరింగ్ ఎందుకు వద్దనుకున్నదో ఆ కారణమే మళ్లీ ఎదురవుతుంది.

ఒకవేళ ఆమె మనసు విరూపణ్ణ ప్రశ్న వైపే మొగ్గితే, చరిత్రలో ఆనర్స్ డిగ్రీ సరైన దారి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని మిరాండా హౌస్, లేడీ శ్రీరామ్ వంటి మహిళా కళాశాలలకు, ఇంకా చాలా కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు ఇప్పుడు సి.యు.ఇ.టి. అనే ఉమ్మడి ప్రవేశ పరీక్షే ద్వారం. ఇంటర్‌లో ఎం.పి.సి. చదివినవారు కూడా ఈ పరీక్షలో చరిత్రను ఎంచుకోవచ్చు గాని, ఢిల్లీ విశ్వవిద్యాలయం మాత్రం ఇంటర్‌లో చదివిన సబ్జెక్టులనే లెక్కలోకి తీసుకుంటుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఈ పరీక్ష సిలబస్ ఎన్.సి.ఇ.ఆర్.టి. పన్నెండో తరగతి పుస్తకాలను అనుసరిస్తుంది, మన ఇంటర్ పాఠ్యపుస్తకాలను కాదు. ఆ పుస్తకాలను ఇప్పుడే తెప్పించి ఇవ్వండి. అందులో విజయనగరం మీద ఒక అధ్యాయమే ఉంది. సాంచీ స్తూపం నిలిచి, అమరావతి స్తూపం ఎందుకు చెదిరిపోయిందో పోల్చి చెప్పే భాగమూ ఉంది. బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్ అమరావతి పలకలను మద్రాసుకు తరలించిన సంగతి, శిల్పాలను ఉన్నచోటనే కాపాడాలని మరో అధికారి హెచ్.హెచ్. కోల్ వాదించిన సంగతి అక్కడ కనిపిస్తాయి. ఆ పేజీలు చదివి మీ అమ్మాయి రాత్రి నిద్రపోకుండా ప్రశ్నలు అడిగితే, ఆమె చరిత్ర విద్యార్థి అని మీరు నమ్మవచ్చు. దరఖాస్తులు సాధారణంగా ఇంటర్ పరీక్షల ముందే వస్తాయి. పరీక్షలయ్యాక చూద్దామనుకుంటే గడువు దాటిపోతుంది.

ఎం.పి.సి. తీసుకుని రెండేళ్లు వృథా చేశామని మీరు బాధపడినట్లు ఉత్తరంలో కనిపించింది. అది వృథా కాదు. కుడ్యచిత్రం కింద సున్నపు గచ్చు ఎందుకు ఉబ్బుతుంది, తేమతో ఉప్పు పైకి తేలితే రంగు ఎలా రాలిపోతుంది అన్నది రసాయన శాస్త్రం. జాతీయ మ్యూజియం సంస్థ 1989 నుంచి నడిపిన కళాచరిత్ర, సంరక్షణ, మ్యూజియం శాస్త్రాల ఎం.ఏ.లు ఇప్పుడు నోయిడాలోని భారతీయ వారసత్వ సంస్థ కిందికి వచ్చాయి. లక్నోలో సాంస్కృతిక సంపద సంరక్షణ కోసం జాతీయ పరిశోధనశాల పనిచేస్తోంది. కళ మీద ప్రేమ ఉండి విజ్ఞానశాస్త్రం కూడా తెలిసినవారు ఈ రంగంలో అరుదు. మీ అమ్మాయి ఆ అరుదైనవారిలో ఒకరు కాగలదు. అందుకని ఇంటర్ రసాయన శాస్త్రాన్ని చివరి పరీక్ష దాకా నిర్లక్ష్యం చేయవద్దని నా మాటగా చెప్పండి.

దరఖాస్తుతో పాటు చూపవలసిన బొమ్మల విషయంలో చాలామంది పొరపాటు చేస్తారు. ఫోన్ తెరలోని సినిమా తారల ఫోటోలను అచ్చుగుద్దినట్లు దించి, ఫ్రేములు కట్టించి తీసుకువెళతారు. పరీక్షించేవారికి అవి పెద్దగా ఏమీ చెప్పవు. లేపాక్షిలో వేసిన ఆ నోటుపుస్తకాన్ని ఉన్నది ఉన్నట్లు, చెరిపివేతలతో సహా తీసుకువెళ్లమనండి. ప్రతి బొమ్మ పక్కనా తేదీ, ఏ మండపం, ఏ దిక్కు, పగుళ్లు ఎక్కడ ఉన్నాయి అన్నవి రెండు మూడు వాక్యాల్లో రాస్తే, చూసినది మాటల్లో పెట్టగల శక్తి కూడా ఆ పుస్తకంలోనే తెలుస్తుంది. కళాచరిత్ర శాఖలు ముఖ్యంగా వెతికేది ఆ శక్తినే. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి ఉంటే మంచిదే గాని, రాయలేదని దిగులు అక్కరలేదు.

వీలైతే చేరడానికి ముందు కళాశాలను ఒకసారి చూసి రండి. ర్యాంకు పట్టికలు ఈ రంగంలో పెద్దగా దారి చూపవు. అక్కడి చివరి సంవత్సరం విద్యార్థులు ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. శాఖలో శాశ్వత అధ్యాపకులు ఎందరో, ఏటా విద్యార్థులను ఏ ఆలయానికి, ఏ గుహలకు తీసుకువెళుతున్నారో, గ్రంథాలయం సాయంత్రం ఎన్ని గంటల దాకా తెరిచి ఉంటుందో అడగండి. హాస్టలు గది కూడా చూడండి. నా విద్యార్థిని ఒకామె పేరున్న ఒక సంస్థలో చేరింది. మూడేళ్లలో ఒక్క అధ్యయన యాత్ర కూడా జరగలేదు, శిల్పం పాఠమంతా నోట్సు చెప్పి రాయించారు. ఆమె తెలివైనది కనుక సొంత ఖర్చుతో బాదామి, పట్టడకల్లు తిరిగి నేర్చుకుంది. అందరికీ ఆ వీలు ఉండదు.

ఆమె తండ్రిగారి దిగులు న్యాయమైనది, దాన్ని కొట్టిపారేయను. సాఫ్ట్‌వేరు ఉద్యోగంలో మొదటి ఏడాదే వచ్చే జీతం ఈ దారిలో అయిదారేళ్లకు గాని రాకపోవచ్చు. మ్యూజియం ఉద్యోగాలు తక్కువ, ప్రకటనలు ఏళ్ల తరబడి రాని సందర్భాలూ ఉన్నాయి. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ విద్యాలయాలలో చిత్రకళ ఉపాధ్యాయులు, జూనియర్ కళాశాలల్లో చరిత్ర అధ్యాపకులు, పురావస్తు శాఖ, ప్రచురణ సంస్థలు, వస్త్రాల డిజైను సంస్థలు ఈ చదివినవారికి తెరిచి ఉన్న చోట్లు. లేపాక్షి చీరల అంచులను నమూనాగా తీసుకుని నేసిన చీరలు దుకాణాల్లో అమ్ముడవుతున్నాయి. ఆ అంచు పదహారో శతాబ్దంలో ఎలా ఉండేదో తెలిసి గీయగల మనిషికి ఆ రంగంలో చోటు దొరుకుతుంది. అడివి బాపిరాజు న్యాయశాస్త్రం చదివారు, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చట్టోపాధ్యాయ దగ్గర చిత్రకళ నేర్చారు, చారిత్రక నవలలు రాశారు. ఆయన చేతిలో బొమ్మా చరిత్రా ఒకదానికొకటి అడ్డం రాలేదు.

నా సలహా ఇది. కళాచరిత్ర కోసం శాంతినికేతన్‌కూ వడోదరకూ, దగ్గరగా ఉండేలా బెంగళూరుకూ దరఖాస్తు చేయించండి. రాష్ట్రంలో ఒక సీటు చేతిలో ఉండేలా ఏడీసెట్ రాయించండి. సి.యు.ఇ.టి.లో చరిత్ర కూడా రాయనివ్వండి. ఇంతకు మించి పది చోట్లకు పరుగెత్తితే ఫీజులు, అలసట తప్ప ఇంకేమీ మిగలదు. మూడు చోట్లా సీటు వస్తే నేనైతే శాంతినికేతన్‌నే ఎంచుకోమంటాను. ఏ పని తనదో ఇంకా తేలని పిల్లకు ఏడాది గడువు ఇచ్చే చోటు అదే.

ప్రశ్న: సార్, నేను తెలుగు మాధ్యమంలో హెచ్.ఇ.సి. రెండో సంవత్సరం చదువుతున్నాను. వేయిస్తంభాల గుడి, కోట, రామప్ప ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఆలయ శిల్పం మీద పరిశోధన చేయాలని ఉంది. కాని నాకు బొమ్మ వేయడం రాదు, ఇంగ్లీషు కూడా అంతంతమాత్రమే. నాకు కళాచరిత్ర చదివే అర్హత ఉందా?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఉంది నాయనా. కళాచరిత్రకు చేయి తిరిగిన చిత్రకారుడు కానక్కరలేదు. అయితే గుడి నేలమట్టపు పటాన్ని, స్తంభం మీద భాగాల వరుసను గీతల్లో గుర్తు పెట్టుకోగలగాలి. అది నెల రోజులు కూర్చుంటే వచ్చే పని. ఫోటో తీస్తే కన్ను సగం పని మానేస్తుంది, గీస్తే ఏదీ వదలదు. ఈసారి రామప్పకు వెళ్లినప్పుడు కెమెరా బయటికి తీయకముందు ఒక్క స్తంభాన్ని అరగంట గీసి చూడు.

మొదటి డిగ్రీ చరిత్రలోనే చెయ్యి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత నేరుగా చేరే అయిదేళ్ల సమీకృత ఎం.ఏ.లో చరిత్ర ఉంది, ప్రవేశం సి.యు.ఇ.టి. ద్వారా. ఆ పరీక్షను పదమూడు భాషల్లో రాయవచ్చు, వాటిలో తెలుగు ఒకటి. కనుక పరీక్ష దగ్గర భాష నీకు అడ్డు కాదు. పాఠాలు మాత్రం ఇంగ్లీషులో ఉంటాయి. మొదటి ఏడాది కష్టపడవలసి వస్తుందని ముందే తెలుసుకుని చేరు. అదే ఆవరణలో సరోజినీ నాయుడు కళల విభాగంలో కళాచరిత్ర, దృశ్య అధ్యయనాలలో ఎం.ఎఫ్.ఏ. ఉంది. చరిత్ర విద్యార్థిగా ఉంటూనే ఆ వైపు వారి ఉపన్యాసాలకు వెళ్లి కూర్చోవచ్చు. అక్కడ సీటు రాకపోతే తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానమైన దోస్త్ ద్వారా మంచి చరిత్ర అధ్యాపకులున్న ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బి.ఏ. చేసి, ఎం.ఏ.కి ఉస్మానియాలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాఖకో పుణేలోని దక్కన్ కళాశాలకో వెళ్లు. ఎం.ఏ. తర్వాత భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ గ్రేటర్ నోయిడాలో నడిపే రెండేళ్ల డిప్లొమా ఉంది. సీట్లు తక్కువ, పోటీ గట్టిది, తవ్వకాల చోట నేర్పే చదువు.

నీ దగ్గర తెలుగు మాధ్యమం అనే బలహీనత ఉందని నువ్వు అనుకుంటున్నావు. నేను అలా అనుకోను. వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి రుద్రదేవుని శాసనం సంస్కృతంలో ఉంది. కాకతీయుల శాసనాల్లో తెలుగువి కోకొల్లలు. పాత తెలుగు లిపి, కొంత సంస్కృతం ఈ మూడేళ్లలో నేర్చుకుంటే, ఇంగ్లీషు మాత్రమే బాగా వచ్చిన పరిశోధకుడు చేయలేని పని నువ్వు చేయగలవు. రామప్ప 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని మనకు తెలిసింది శాసనం వల్లనే. సర్వేక్షణ సంస్థ శాసన విభాగం మైసూరులో ఉంది. అక్కడ ఉద్యోగానికైనా, పరిశోధనకైనా భాషలు తెలిసినవారే కావాలి. ఇంగ్లీషుకు రోజూ ఒక గంట పెట్టు. పత్రికలో ఒక పేజీ చదివి నీ మాటల్లో అయిదు వాక్యాలు రాస్తే చాలు. ఏడాదికి తేడా నీకే కనిపిస్తుంది.

ప్రశ్న: మేము పద్దెనిమిదేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. మా అమ్మాయి పదకొండో గ్రేడ్. 2023లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రాచీన బౌద్ధ శిల్పాల ప్రదర్శన చూసినప్పటి నుంచి, అమరావతి, ఫణిగిరి శిల్పాలు మన ప్రాంతానివని తెలిసి, కళాచరిత్ర తప్ప మరేదీ చదవనంటోంది. బొమ్మలు కూడా వేస్తుంది. ఇక్కడి కళాశాలల్లో ఎలా ఎంచుకోవాలి?
– ఒక తండ్రి, న్యూజెర్సీ

జవాబు: అమెరికాలో కళాచరిత్ర చాలా కళాశాలల్లో మొదటి డిగ్రీగానే దొరుకుతుంది కనుక మీ కష్టం వేరు. అక్కడ ఎంపిక మరీ ఎక్కువ. అందుకే మ్యూజియం, భాష, ఖర్చు అన్న మూడింటితో వడపోయండి.

ఆవరణలోనే నిజమైన సేకరణ ఉన్న కళాశాలలను ముందు చూడండి. మసాచుసెట్స్‌లోని విలియమ్స్ కళాశాలకు సొంత మ్యూజియం ఉంది, ఊళ్లోనే క్లార్క్ కళాసంస్థ ఉంది. అమెరికా మ్యూజియంల అధిపతుల్లో పలువురు అక్కడ చదివినవారే. ఒహాయోలోని ఓబర్లిన్‌లో 1940 నుంచి విద్యార్థులకు అసలు చిత్రాలను నామమాత్రపు అద్దెకు సెమిస్టరు పాటు గదిలో పెట్టుకోనిస్తారు. బొమ్మ వేయడమూ వదలదలచుకోకపోతే బ్రౌన్ విశ్వవిద్యాలయం, రోడ్ ఐలాండ్ డిజైన్ పాఠశాల కలిసి ఇచ్చే అయిదేళ్ల జంట డిగ్రీ, టఫ్ట్స్‌లోని అయిదేళ్ల జంట డిగ్రీ ఉన్నాయి. బ్రౌన్ జంట డిగ్రీకి రెండు సంస్థలూ విడివిడిగా ఒప్పుకోవాలి, అందువల్ల సీటు చాలా కష్టం. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

భాష విషయం చాలామంది తల్లిదండ్రులకు తట్టదు. ఉన్నత పాఠశాలలో చెప్పే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కళాచరిత్రలో 250 కళాఖండాలు ఉన్నాయి. సాంచీ, ఖజురాహో, తాజ్‌మహల్, నటరాజు వాటిలో చేరాయి, అమరావతి చేరలేదు. అమరావతిని చదవాలంటే ప్రాకృతం, సంస్కృతం, తెలుగు చెప్పే చోటు కావాలి. మీకు దగ్గరగా ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డబ్ల్యు. నార్మన్ బ్రౌన్ 1948లో దక్షిణాసియా శాఖను స్థాపించారు. భారతీయ ఆలయ శిల్పాన్ని ప్రపంచానికి వివరించిన స్టెల్లా క్రామ్రిష్ అక్కడ బోధించారు. ఆమె పనిచేసిన ఫిలడెల్ఫియా మ్యూజియంలో మదురై నుంచి వచ్చిన మండపపు స్తంభాలు నిలబెట్టి ఉన్నాయి. ఈ వారాంతంలో కారులో వెళ్లి చూడగలిగినంత దూరమే. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో తెలుగు అధ్యయన పీఠం ఉంది, ఆవరణలో కార్లోస్ మ్యూజియం ఉంది. విస్కాన్సిన్‌లోని మాడిసన్, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ తెలుగు బోధించిన చరిత్ర ఉన్న చోట్లు. ఇంట్లో తెలుగు మాట్లాడే మీ అమ్మాయి అక్కడ చదవడం, రాయడం కూడా నేర్చుకుంటే, ఆ ప్రదర్శనలో చూసిన శిల్పాల మీద సొంతంగా పని చేయగలదు.

ఖర్చు విషయంలో పైకి చెప్పే ఫీజు చూసి భయపడవద్దు, చూడకుండా సంతకమూ పెట్టవద్దు. మీ ఆదాయానికి నిజంగా ఎంత కట్టవలసి వస్తుందో అంచనా వేసి చూపే లెక్కింపు పరికరాన్ని ప్రతి కళాశాలా తన వెబ్‌సైటులో పెట్టాలని అక్కడి చట్టం చెబుతోంది. దరఖాస్తుకు ముందే భార్యాభర్తలిద్దరూ కూర్చుని ప్రతి కళాశాలకూ ఆ లెక్క వేయండి. కళాచరిత్రతో ఉద్యోగం రావాలంటే చాలావరకు పై డిగ్రీ అవసరమవుతుంది కనుక మొదటి నాలుగేళ్లకు పెద్ద అప్పు చేయకుండా ఉండటం మేలు. మీ రాష్ట్ర విశ్వవిద్యాలయమైన రట్‌గర్స్‌లో కళాచరిత్ర శాఖ ఉంది, న్యూ బ్రన్స్‌విక్ ఆవరణలో జిమర్లి మ్యూజియం ఉంది. రాష్ట్రవాసుల ఫీజుతో అక్కడ చదివి, రైలెక్కి న్యూయార్కు మ్యూజియంలకు వెళ్లివచ్చే వీలున్న పిల్ల నష్టపోయిందని ఎవరూ అనలేరు.

వేసవిలో మీరు ఇండియా వచ్చినప్పుడు అమ్మాయిని ఒక రోజు అమరావతి మ్యూజియానికి, ఇంకో రోజు నాగార్జునకొండకు తీసుకువెళ్లండి. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి గుట్ట కూడా ఎక్కించండి. న్యూయార్కులో గాజు పలక వెనుక చూసిన రాయి ఏ గుట్ట మీద, ఏ గాలిలో నిలబడి ఉండేదో అక్కడ తెలుస్తుంది. దరఖాస్తు వ్యాసంలో ఆమె రాయవలసినది ఆ గుట్ట మీద తాను చూసినదే.